వేళ్లు తెరిచిన పూట

"యల్లప్ప ఈ పొద్దు వేళ్లు కోసుకొంటాడంటప్పా!"

గాజుల బాబ్జాన్ మదనపల్లె మిషన్ కాంపౌండు గేటు దాటి పది అడుగులు వేశాడో లేదో, బంగళా వంటమనిషి విమలమ్మ ఎదురొచ్చి ఈ మాట అతని ముఖాన పారేసింది. ఆమె చేతిలో గరిటె ఉంది. గరిటె కొస నుంచి గంజి కారుతోంది, కంటి కొస నుంచి నీళ్లు కారుతున్నాయి. రెండింటిలో దేన్నీ తుడుచుకొనే తీరిక ఆమెకు లేదు.

"ఎవురు సెప్పిరమ్మా?"

"ఒకరు సెప్పేదేంది, నా చెవులారా ఇంటి. కోడి కూసింది మొదులు సానరాయి మీద కత్తెర నూరతాండాడు. తనలో తానే మాట్లాడుకొంటాండాడు. కుప్పం నుంచి కబురొస్తే సాలు, ఆ నిమిషమే వేళ్లు కోసేస్తా, ఇంగ ఒక్క పొద్దు గూడా ఆగేది లేదు అని. కూతురు నీళ్లాడితే వేళ్లిస్తానని యే అమ్మోరికి మొక్కుకొన్నాడో ఏమో! నువ్వన్నా పోయి సెప్పప్పా, నీ మాట ఇంటాడు."

ఇంకో సీమలో అయితే ఈ మాటకు నవ్వి ఊరుకొనేవాళ్లు. కానీ మదనపల్లె, పుంగనూరు, కుప్పం పక్క వెనకటి తరంలో కొన్ని ఇండ్ల ఆడవాళ్లు బిడ్డకు చెవులు కుట్టించే ముందు తమ వేలి కణుపు దేవుడికి ఇచ్చేవాళ్లు. సర్కారు వద్దన్నాక ఆ మొక్కు ఆగిపోయింది గానీ, పుంగనూరు సంతలో మూడున్నర వేళ్లతో వక్కలు ఏరి ఇచ్చే ముసలమ్మలను బాబ్జాన్ చిన్నప్పుడు చూశాడు. అలాంటి చేతులకు అతని తండ్రి గాజులు కూడా వేశాడు. పైగా మన తెలుగు భాష ఈ ఒక్క చోట మహా పిసినారి. చేతికి ఉన్నవాటికీ చెట్టుకు ఉన్నవాటికీ కలిపి వేళ్లు అని ఒకటే మాట ఇచ్చి, ఏవి ఎవరివో మీరే తేల్చుకోండని చేతులు దులుపుకొంది.

మామూలు రోజైతే బాబ్జాన్ దీనికి పది మాటలు అల్లేవాడు. "వేళ్లు పోతే పోనీలేమ్మా, మణికట్టు మిగిలితే సాలు, నా యాపారానికి అదే గట్టు" అనేవాడు. భుజాన మోసే గాజుల మూట, ఆ మలారం ఎంత గలగలలాడేదో అతని నోరు అంతకు రెండింతలు గలగలలాడేది. మూడు ఊళ్ల ఆడవాళ్లు గాజులకు సగం, ఆ మాటలకు సగం చేతులు చాచేవాళ్లు. ఈ రోజు ఆ నోరు పెగల్లేదు.

"కుప్పం నుంచే గదా వస్తాండావు? కబురేమన్నా తెచ్చినావా?" అంది విమలమ్మ.

"యల్లప్పన్న కూడు తిన్న్యాడా?"

"నేను అడిగేదొకటి, నువ్వు సెప్పేదొకటి! యాడ తింటాడు? రేతిరి నుంచి పచ్చినీళ్లు ముట్టలా. సంగటి ముద్ద గిన్నెలో పెట్టి మూసి పెట్టినా. ముద్ద ముద్దగానే ఉండాది."

బాబ్జాన్ భుజం మీది మలారం సర్దుకొని బంగళా వెనక్కి నడిచాడు.

అతను తెచ్చిన కబురు రెండు ముక్కలు. ఆదివారం రాత్రి బంగళా తోటమాలి యల్లప్ప కూతురు మునిలక్ష్మి మగబిడ్డను కన్నది. ఇది మొదటి ముక్క. తెల్లవారక ముందే మునిలక్ష్మి చచ్చిపోయింది. ఇది రెండోది.

సోమవారం పొద్దున కుప్పంలో, రైలు స్టేషను ఎదుటి వీధిలో అతను మలారం దించుకొంటూ ఉంటే మునిలక్ష్మి మొగుడు అంజినప్ప చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చాడు. ముత్తైదువగా పోయిన మనిషిని కొత్త గాజులతో పంపాలి. గాజులు కొనుక్కొని పోతే సరిపోదు, వేసే చెయ్యి కూడా కావాలి. బాబ్జాన్ ఆ ఇంటి నడవలో కూర్చొని ఆ పిల్ల చేతిని ఒళ్లోకి తీసుకొన్నాడు. ఆ చేతికి మొట్టమొదటి గాజులు వేసింది తనే. అప్పుడు దానికి మూడేండ్లు. తల్లి పోయి నెల కూడా కాలేదు. యల్లప్ప దాన్ని తోపుడుబండిలో పూలకుండీల మధ్య కూర్చోబెట్టి, కాంపౌండు అంతా తిప్పుతూ పని చేసుకొనేవాడు. పెండ్లికి వేసిందీ తనే. మొన్న కడుపుతో ఉన్న ఐదో నెలలో వేసిందీ తనే.

గాజులు వేసేవాడి నోట ఒక మాట ఊరుతూ ఉంటుంది. ఎవరి చెయ్యి పట్టుకొన్నా దానంతట అదే బయటికి వచ్చేస్తుంది. "సెయ్యి వదులుగా పెట్టు తల్లీ." సోమవారం పొద్దున కూడా వచ్చేసింది. చుట్టూ కూర్చొన్న ఆడవాళ్లు ఒక్కసారిగా గొల్లుమన్నారు. బిగుసుకొన్న చెయ్యి వదులు కాలేదు. నాలుగు గాజులు పగిలాయి. డజను పూర్తయ్యే దాకా అతను లేవలేదు.

మామకు చెప్పి వెంటబెట్టుకొని రమ్మని అంజినప్ప అతన్నే పంపాడు. బుధవారం మూడో రోజు, పాలు పోయాలి. కన్నతండ్రి ఉండాలి. యుద్ధం మొదలయ్యాక పెట్రోలు దొరక్క బస్సులన్నీ బొగ్గు మీద నడుస్తున్నాయి. నడుస్తున్నాయి అనడం మర్యాదకే, మిట్ట వచ్చిన చోటల్లా దిగి నడిచేది మనుషులు. పలమనేరు దగ్గర బస్సు రెండు గంటలు చల్లబడి కూర్చొంది. రాత్రికి పుంగనూరు చేరి ఇంట్లో పడుకొని, మంగళవారం పొద్దున అతను మదనపల్లెలో దిగాడు. తిరుగు బస్సు పన్నెండున్నరకు. అది తప్పితే మూడో రోజుకు అందుకోలేరు.

పొద్దున బయలుదేరేటప్పుడు భార్య మైమూన్ బీ గడపలో నిలబడి మరీ చెప్పింది. "పరగడుపున సెప్పొద్దు. ముందు తినిపించు, సెయ్యి కడిగినాక సెప్పు." ఆ సీమలో హిందువైనా తురకైనా పాటించే మర్యాద అది. చావు కబురు ఒకసారి చెవిన పడితే నోట మెతుకు పోదు. పోయే దూరం పెద్దది, ఏడ్చేదానికైనా ఒంట్లో సత్తువ ఉండాలి. అందుకని ఏమీ ఎరగనట్టు ముందు ఒక ముద్ద పెడతారు.

బాబ్జాన్‌కు ఆ మర్యాద అవతలి వైపు నుంచి తెలుసు. పదకొండేండ్ల కిందట సోమలలో గాజులు వేస్తూ ఉంటే ఒక రైతు ఇంటివాళ్లు పిలిచి కూర్చోబెట్టి సంగటి పెట్టారు. అతను సంగటిలోకి నూరిన ఊరిబిండి కారంగా ఉందని నవ్వించి, రెండో ముద్ద అడిగి మరీ వేయించుకొన్నాడు. చెయ్యి కడిగాక చెప్పారు. అతని కూతురు ఫాతిమున్నీసా, ఎనిమిదేండ్లది, ముందు రోజు జ్వరంలో పోయింది. పెట్టినవాళ్ల తప్పు ఏమీ లేదు. కానీ అడిగి వేయించుకొన్న ఆ రెండో ముద్ద రుచి పదకొండేండ్లుగా అతని నాలుక మీద నుంచి పోలేదు.

బంగళా వెనక, కానుగ చెట్టు నీడలో యల్లప్ప గొంతుకూర్చొని ఉన్నాడు. మనిషి ఐదడుగులు లేడు. మిషన్ వాళ్లు ఇచ్చిన ఖాకీ చొక్కా చేతులు మూడు మడతలు పెట్టినా మణికట్ల మీదికి జారుతుంది. కాళ్లు దొడ్డివి, చెవులు నిక్కినవి, గోళ్ల కింద ముప్పై ఏండ్ల ఎర్రమన్ను. కుడి బొటనవేలి గోరు నిలువునా చీలి అట్లే పెరిగింది. పది వేళ్లూ ఉన్నాయి.

"యల్లప్పా! వేళ్లు కోసుకొంటే రేపు పార యాటితో పట్టుకొంటావయ్యా?" బాబ్జాన్ వెనకే వచ్చిన విమలమ్మ గరిటె ఎత్తింది. ఆమె కేకకు చాకలి మునెమ్మ, గేటు కావలి మనిషి, ఇద్దరు నర్సు పిల్లలు పోగయ్యారు.

యల్లప్ప తన చేతులు చూసుకొన్నాడు. ఎదురుగా రాతి మీద ఉన్న చెట్టును చూశాడు.

"నావి యాల తల్లీ? దీనివి!"

అందరూ భళ్లున నవ్వారు. విమలమ్మ ఏడుపు మధ్యలోనే నవ్వులోకి తిరిగి, ఎక్కిళ్లు పట్టుకొంది.

ఆ చెట్టు జానెడున్నర ఎత్తు చింతచెట్టు. మొదలు మణికట్టంత లావు, బెరడు నెర్రెలు బారి ఉంటుంది. పుంగనూరు కుమ్మరి కాల్చి ఇచ్చిన లోతులేని మట్టి తట్టలో పదమూడేండ్లుగా బతుకుతోంది. సోమల గుట్టల్లో రాతి సందున దొరికిన మొక్కను ఇట్లా చేసింది జపాను దేశపు మిషన్లో పదేండ్లు ఉండి మదనపల్లెకు మార్పయి వచ్చిన ఒక మిస్సమ్మ. ఎప్పుడు కోయాలి, ఎంత కోయాలి, కోశాక ఎట్లా సాకాలి, అన్నీ యల్లప్పకు చెయ్యి పట్టి నేర్పింది. యుద్ధం దగ్గర పడ్డాక తన దేశం పోతూ, "నేను వచ్చేదాకా దీనికి అమ్మా నాయనా నువ్వే" అని చెప్పిపోయింది. విశాఖపట్నంలో జపాను బాంబులు పడిన వేసవిలో, మిషన్ కాంపౌండులో జపాను చెట్టు ఒకటి ఉందని ఎవరో పుట్టిస్తే, పోలీసు ఒకడు వచ్చి దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. "ఇది మన సింతే దొరా, పుట్టింది సోమలలో. పెంపకమే జపాను" అన్నాడు యల్లప్ప. పోలీసు ఒక ఆకు తెంచి నమిలి, పులుపు మనదేనని తేల్చుకొని వెళ్లిపోయాడు. పొట్టి చెట్టు ఇంటికి అరిష్టమని ఎవరైనా అంటే మాత్రం యల్లప్పకు కోపం. "పుంగనూరు ఆవు పొట్టిదైతే ముద్దా, సింతసెట్టు పొట్టిదైతే దిష్టా?" అనేవాడు.

పేరులోనే చింత ఉన్న చెట్టును సాకుతూ నిశ్చింతగా బతికిన మనిషి. రెండేండ్ల కిందటి దాకా.

నవ్వుతున్న వాళ్ల వెనక నిలబడిన బాబ్జాన్ మీద అప్పుడు పడింది యల్లప్ప చూపు. కత్తెర కింద పెట్టి లేచాడు.

"నీళ్లాడిందా?"

"ఆదివారం రేతిరి. మగబిడ్డ."

"బిడ్డ?"

"బాగుండాడు."

"తల్లి?"

బాబ్జాన్ మలారాన్ని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకొన్నాడు. "పండుకోనుండాది."

విమలమ్మ అప్పటికే గరిటె గాల్లోకి విసిరి పట్టుకొని, "రేషన్ చక్కెర దాచి పెట్టుండా, తెస్తా ఉండండి, నోరు తీపి చేసుకోకుండా ఎవురూ కదలొద్దు!" అంటూ వంటింట్లోకి పరుగెత్తింది. నర్సు పిల్లలు చప్పట్లు కొట్టారు. యల్లప్ప మాత్రం బాబ్జాన్ ముఖంలోకి చూశాడు. అతని భుజం మీది మలారం చూశాడు. మళ్లీ ముఖంలోకి చూశాడు. తర్వాత గొంతుకూర్చొని కత్తెర చేతిలోకి తీసుకొన్నాడు.

"అయితే ఇంగ కొయ్యొచ్చు" అన్నాడు.

"ముందు కూడు తినన్నా. నిన్నటి నుంచి తినలేదంట."

"సూడు బాబ్జానూ, తిని సెయ్యి కడుక్కోవాల, మన్ను పిసికి సెయ్యి కడుక్కోవాల. రెండు తూర్లు యాల? పని కానీ, ఒకే తూరి కడుక్కొంటా."

"పనికి తొందరేముండాది?"

"నాకు లేదప్పా. దీనికుండాది."

యల్లప్ప చెట్టు కొమ్మను వేలితో వంచి చూపించాడు. ఆకు రాలిన ప్రతి కణుపులోనూ రాగిగింజంత మొగ్గ ఉబ్బి ఉంది. ఒకటి రెండు మొగ్గల కొస పచ్చగా చీలింది.

"ఇట్లా ఉబ్బినప్పుడే వేరు కొయ్యాల. మొగ్గ ఇచ్చుకోని ఆకు యేసినాక కోస్తే తాళలేదు, సస్తాది. కొయ్యకుండా ఇడిస్తే ఈ ఎండకాలం దాటదు. అదో, నీళ్లు పోస్తే తాగకుండా పైనే నిలిసిపోతాండాయి. లోపల మన్ను యాడుండాది? అంతా వేళ్లే. సెట్టు దానంతట అదే తట్ట లోంచి రెండు వేళ్ల ఎత్తు లేసింది, సూసినావా? ఇరుకైతే ఏదైనా లేసి నిలబడాల్సిందే గదా. రెండేండ్లకొకసారి తప్పదు. నెల నుంచి ఆపి పెట్టుకోనుండా."

ఎందుకు ఆపి పెట్టుకొన్నాడో బాబ్జాన్‌కు తెలుసు. రెండేండ్ల కిందట మాఘమాసంలో యల్లప్ప ఈ చెట్టు వేళ్లు కోశాడు. తర్వాతి వారం కుప్పం నుంచి కార్డు వచ్చింది. విమలమ్మ చదివి వినిపించింది. మునిలక్ష్మి కడుపుతో ఉందనే మంచి మాట, నాలుగో నెలలో ఆ కడుపు పోయిందనే మాట, రెండూ ఒకే కార్డులో ఉన్నాయి. ఇంటి ఆడబిడ్డ కడుపుతో ఉంటే మగవాడు వేరు తెంచడు, పాతిన గుంజ పెరకడు, కడుపు నిలవదని నమ్మకం. ఎవరూ యల్లప్పను ఒక మాట అనలేదు. అనే ఆడది ఇంట్లో ఉంటేగా! కానుపుకు పుట్టింటికి తెచ్చుకొందామన్నా పురుడు పోసే దిక్కు లేకే, ఈసారి ఆ పిల్లను అత్తగారింట్లోనే ఉంచారు. యల్లప్ప మాత్రం అది నీళ్లాడే దాకా వేరు ముట్టనని తనకు తానే ఒట్టు పెట్టుకొన్నాడు. నెల రోజులుగా పొద్దున లేచి మొదట మొగ్గలు చూసేవాడు, తర్వాత గేటు వైపు చూసేవాడు.

పదిగంటల బడి గంట కొట్టింది. విమలమ్మ వచ్చి అందరి అరచేతుల్లో చిటికెడు చిటికెడు చక్కెర పెట్టింది. బాబ్జాన్ చేతిలోనూ పెట్టింది. అతను పిడికిలి మూసుకొన్నాడు. యల్లప్ప తన చేతులకు మన్ను చూపించి, "తరవాత తల్లీ" అన్నాడు.

తట్ట అడుగున కట్టిన తీగ తెంచి, అంచు పొడుగునా వెదురుపుల్ల తిప్పి, చెట్టును మొదట్లో పట్టుకొని కదిపాడు. రాలేదు. తట్టను ఒళ్లోకి తీసుకొని రెండు చేతులతో నెమ్మదిగా ఆడించాడు.

"లాగకూడదు. లాగితే సన్నవేరు తెగుతాది. అదే వదులు కావాల." తర్వాత వంగి, చెట్టుతోనే అన్నాడు. "వదులుగా రా తల్లీ."

బాబ్జాన్ లేచి గోడ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. పిడికిలిలో చక్కెర చెమటకు కరిగి వేళ్ల సందుల్లోంచి జిగటగా కారింది.

తిరిగి వచ్చేసరికి చెట్టు తట్ట లోంచి బయటికి వచ్చి తడిపిన గోనెపట్టా మీద ఉంది. యల్లప్ప వెదురుపుల్లతో వేళ్లను దువ్వుతున్నాడు, తల్లిలేని పిల్లకు చిక్కు తీసినట్టు. నిజంగానే చిక్కు తీయడంలో అతనిది గట్టి చెయ్యి. మునిలక్ష్మికి పెండ్లయ్యే దాకా జడ వేసింది అతనే. మొగవాడు జడ వేస్తాడా అని నవ్వినవాళ్లు కూడా, పాయ తప్పని ఆ జడను చూసి నోరు మూసుకొనేవాళ్లు.

"దానికి జడేస్తే కుదురుగా కూర్చోనేది కాదప్పా" అన్నాడు యల్లప్ప. "పూలకుండీ ఇచ్చి ఒళ్లో పెట్టుకోమనేవాణ్ణి. బరువుకు కదల్లేక కూర్చోనేది. ఒకనాడు కుండీలో మన్ను తినేసింది."

"ఆ కత నాకు తెలుసన్నా. అప్పుడు నేనీడనే ఉండా."

"ఉండావు గదా. ఉమ్మమంటే నీ మలారం మీద ఉమ్మింది."

కూతురు ఐదేండ్లప్పుడు చేసింది, ఏడేండ్లప్పుడు అన్నది, ఒక్కొక్కటే చెప్పుకొంటూ పోయాడు. బాబ్జాన్ దారి పొడుగునా అబద్ధాలు సిద్ధం చేసుకొని వచ్చాడు. బిడ్డ ఎవరి పోలిక, కానుపు కష్టమైందా, నన్ను అడిగిందా అని అడిగితే ఏం చెప్పాలో అన్నీ వరసగా పెట్టుకొన్నాడు. యల్లప్ప ఒక్కటీ అడగలేదు.

ముందు లావు వేళ్లు కోశాడు. మిస్సమ్మ ఇచ్చిపోయిన పొడుగుపిడి కత్తెర కట్‌మని ఒక్క చప్పుడు చేసేది, అంతే. తట్ట గోడల వెంట చుట్టుకొని పెరిగిన వేళ్లను చుట్టూ తిప్పి కోసి పక్కన పెట్టాడు. మొత్తం మూడింట ఒక పాలు, అంతకు మించకూడదు. వెంట్రుకల్లాంటి సన్నవేళ్లను మాత్రం ముట్టుకోలేదు. "తాగేవి ఇవే. లావువి ఊరికే పట్టుకొనేవి" అన్నాడు. నిమిషానికోసారి తడిబట్టతో కప్పేవాడు. గాలి తగిలితే ఎండిపోతాయి.

"అన్నా, ఒక రెండు ముద్దలు తిని రా. తడిబట్ట కప్పి నేను కాపలా కూర్చోనుంటా."

"వేళ్లు తెరిసి పెట్టి కూటికి లేస్తారా ఎవురైనా?"

"బస్సుండాదన్నా. మనం పోవాల గదా కుప్పం. పన్నెండున్నరకి."

"పోదాం" అన్నాడు యల్లప్ప, తల ఎత్తకుండా.

పదకొండు గంట కొట్టింది. జల్లించి పెట్టుకొన్న మన్ను తెచ్చాడు. చెరువు ఒండ్రు ఒక పాలు, గరుసు ఇసక ఒక పాలు, పెంకులు నలగ్గొట్టిన రవ్వ ఒక పాలు. తట్ట చిల్లుల మీద జల్లెడ ముక్కలు పరిచి, గుప్పెడు మన్ను గుట్టగా పోసి, దాని మీద చెట్టును కూర్చోబెట్టి, చిల్లుల్లోంచి తీగ తెచ్చి కదలకుండా కట్టాడు. మన్ను పోస్తూ వెదురుపుల్లతో పొడిచాడు. వేళ్ల నడుమ బోలు ఉంటే ఆ బోలులో వేరు కుళ్లుతుంది. పొడిచినకొద్దీ మన్ను దిగింది, దిగినకొద్దీ పోశాడు. పోగొట్టుకొన్న వేళ్లు అన్ని కొమ్మలను మోయలేవని పైన నాలుగు కొసలు తుంచాడు. అంతసేపూ ఆ చీలిన గోరు బొటనవేలు ఒక్కసారి కూడా తొణకలేదు. 

మొక్కలకు చిలకరించే జల్లెడమూతి క్యానుతో నీళ్లు పోశాడు. తట్ట కింద నుంచి మొదట బురదనీళ్లు కారాయి, తర్వాత టీ రంగు నీళ్లు, చివరికి తేట నీళ్లు. చెట్టును ఎత్తుకొని పోయి గోడకూ తొట్టికీ నడుమ, గాలి కొట్టని నీడలో పెట్టాడు.

తర్వాత తొట్టి దగ్గర మోచేతుల దాకా చేతులు కడుక్కొన్నాడు. గోళ్ల కింద మన్ను పుల్లతో తీసుకొన్నాడు. కానుగ కిందికి వచ్చి కూర్చొని గిన్నె మూత తీశాడు. చల్లబడి గట్టిపడిన సంగటి ముద్దను తుంచి, ఊరిబిండిలో అద్ది, నోట్లో పెట్టుకొన్నాడు. నమిలాడు. మళ్లీ తుంచాడు. కుండీలో మన్ను నింపినట్టు, ఎక్కడా బోలు లేకుండా, ముద్ద మొత్తం తిన్నాడు. గిన్నె అంచు వేలితో తుడిచి అదీ తిన్నాడు. చెంబెడు నీళ్లు తాగాడు. చెయ్యి కడిగి పైపంచెతో తుడుచుకొన్నాడు. తిరిగి బాబ్జాన్ ఎదురుగా బాసింపట్టు వేసుకొని కూర్చొన్నాడు.

"ఇంగ సెప్పప్పా."

బాబ్జాన్ మలారం దించి పక్కన పెట్టాడు. "నీకు... ఎప్పుడు తెలిసెన్నా?"

"మగబిడ్డ అని సెప్పి బహుమానం అడగని గాజులోడు యాడన్నా ఉంటాడా? నా కోడిపుంజును పట్టుకోని పోయుండాల నువ్వు. మలారం గూడా దించకుండా నిలబడి, తిను తిను అంటివి." యల్లప్ప గొంతు పొద్దుటి లాగే ఉంది. "తింటే సెప్తావు. తినకపోతే సెప్పవు. నువ్వు సెప్పనంతసేపు..."  గోడ నీడలో పెట్టిన చెట్టు వైపు చెయ్యి చూపించాడు. "వేళ్లు తెరిసి పెట్టుకోనుండా గదా. సెయ్యి వణికితే అది గూడా పోయుండును."

"ఏంది? ఏం సెప్పేది? ఏమయిందప్పా?" అంటూ విమలమ్మ వంటింటి మెట్లు దిగి వచ్చింది. ఆమె వెనక మునెమ్మ, నర్సు పిల్లలు, గేటు కావలి మనిషి. తీపి తిన్న నోళ్లే అన్నీ.

బాబ్జాన్ నిలబడి అందరికీ వినపడేట్టు చెప్పాడు. "మునిలక్ష్మి లేదమ్మా. సోమవారం తెల్లారుజామున పోయింది. బిడ్డ ఉండాడు, అది నిజమే. నేను అబద్ధం సెప్పలా, సగం సెప్పినా. పరగడుపున సెప్పకూడదని... తినిపించి సెప్తామని..."

"నీ నోట్లో మన్ను పొయ్య! సగం సెప్పి నా సేత చక్కెర పంచిపెట్టిస్తివే! ఆ తండ్రి ముందర! చప్పట్లు కొట్టిస్తివే!" విమలమ్మ బాబ్జాన్ గుండెల మీద రెండు చేతులతో గుద్దింది. అతను అడ్డుకోలేదు. మూడో గుద్దుకు ఆమె చేతులు అక్కడే ఆగిపోయాయి. ఆ చొక్కానే పట్టుకొని నేలకు జారి ఏడ్చింది.

యల్లప్ప ఏడవలేదు. "గాజులు యేసినావా?" అన్నాడు.

"యేసినా అన్నా."

"ఎన్ని?"

"డజను. పచ్చవి."

"నొప్పి పెట్టలేదు గదా" అన్నాడు యల్లప్ప. అన్నాక ఆ మాట తనకే వినపడింది. పైపంచె నోటికి అడ్డం పెట్టుకొన్నాడు. జడలు వేసిన ఆ చేతులు, పొద్దుటి నుంచి ఒక్క సన్నవేరు పోగొట్టని చేతులు, అప్పుడు వణికాయి. పంచెతో సహా, భుజాలతో సహా, ఆ పొట్టి మనిషి మొత్తం వణికాడు. బాబ్జాన్ పక్కన కూర్చొని ఆ చేతులు రెండూ తన ఒళ్లోకి తీసుకొన్నాడు. 

పన్నెండు కొట్టాక లేచారు. గేటు దాకా నడిచి యల్లప్ప వెనక్కి తిరిగాడు.

"యిమలమ్మా. పదైదు దినాలు ఎండ తగలనీకు. సిగురు గట్టిపడే దాకా ఎరువు వద్దు. పైపైన నీళ్లు సిలకరిస్తే సాలు."

"మళ్లీ వస్తావు గదప్పా?"

"బిడ్డుండాడు గదమ్మా" అన్నాడు యల్లప్ప.  ఇద్దరూ రోడ్డెక్కారు. పొడుగాటి బాబ్జాన్, అతని భుజం దాకా కూడా రాని యల్లప్ప. బస్సు స్టాండు వైపు నుంచి బొగ్గుపొగ లేస్తోంది.

సాయంత్రం దాకా బంగళా వెనక్కి ఎవరూ పోలేదు. కానుగ కింద గోనెపట్టా ఆరిపోయింది. దాని మీద కోసిన వేళ్లు ఎండి, ఒకదాన్నొకటి చుట్టుకొని, లోపల ఏమీ లేని తట్ట ఆకారంలో గుండ్రంగా అట్లే నిలబడి ఉన్నాయి.